చుక్క తర్వాత మూడు సున్నాలు

వెనక గేటు వరస ఇళ్ళు,
ఎండలు ముదిరిన వారం.

లెక్కల పిల్లకి,

పెదనాన్న రాసేది. ఎవరి చేతా రాయించలేదు, నా చేత్తోనే రాస్తున్నాను. వంకర అక్షరాలు చూసి నవ్వొస్తే నవ్వుకో, నాకేం.

నీ సంతకం చూశాను. నీళ్ళు వెగటుగా ఉన్నాయని మా వీధి ఆడవాళ్ళు గేటు దగ్గర గొడవ చేస్తే శాంపిలు పట్టుకెళ్ళారు కదా, దాని ఫలితమట, కుళాయి పక్క గోడకి కాగితం అంటించారు. అంటించడం కూడా రాదు వెధవలకి. జిగురు ఎక్కువై గోడంతా చీమిడి కారినట్టుంది. దానికి ఈగలు అతుక్కుని చచ్చాయి. ఆ రోత మధ్యలో అడుగున నీ సంతకం మాత్రం నీటుగా ఉంది.

ఈ ఫ్యాక్టరీ లారీల కాటా దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. పాత బ్యాటరీలు కరిగించి తీసిన సీసం దిమ్మలు ఎన్ని తూచానో నాకే తెలీదు. నా పేరు ఏ గోడా ఎక్కలేదు. నా తమ్ముడి కూతురు హెడ్డాఫీసు ప్రయోగశాలలో కూర్చుంది, దాని పేరు నా కుళాయి దగ్గరికే నడిచొచ్చింది. ఆ పూట నేను కుర్చీ తెచ్చుకుని కాగితం కిందే కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరికీ కూడబలుక్కుని చదివి వినిపించాను. సీసం దిమ్మ, 11.340. కొలిమిలో మిగిలే చిట్టెం, 3.600. కుళాయి నీళ్ళు, 1.000. ఆ నీళ్ళల్లో సీసం, 0.000. పైన ఏదో ఘనపు మీటరుకి టన్నులు అని ఉంది.

‘సున్నా అయితే ఒక్కటి వెయ్యొచ్చుగా, చుక్క తర్వాత మళ్ళీ మూడు దేనికి తాతా?’ అని ఎదురింటావిడ అడిగింది. దానికి అన్నీ అనుమానాలే. ‘మా పిల్ల మూడుసార్లు పరీక్ష చేసింది, మూడుసార్లూ సున్నాయే వచ్చింది, అందుకే మూడు’ అన్నాను. అంతేగా?

నా కోడలికి ఆరో నెల. ఇన్నాళ్ళూ కుళాయి నీళ్ళు వద్దని రైలు స్టేషన్ దాకా పోయి బిందె మోసుకొస్తోంది. ఇంటి పిల్ల సంతకం పెట్టిన నీళ్ళు గుమ్మం ముందుంటే ఎక్కడివో మోస్తావా అని, ఆ బిందె లాక్కుని మురిక్కాలవలో కుమ్మరించాను. మొహం ముడుచుకుంది. ఇప్పుడు కుళాయి నీళ్ళే తాగుతోంది.

కాగితం అంటించిన రోజు మేనేజరు కూడా వచ్చాడు. వచ్చినంతసేపూ ముక్కు మీంచి చేతిరుమాలు తియ్యలేదు. మా కాలవ కంపు వాడి ముక్కుకి పడలేదట. ఆ కాలవలో పారేది వాడి ఫ్యాక్టరీ బురదే. ఛీ.

పెదనాన్న.


ప్రయోగశాల, మూడో అంతస్తు,
సోమవారం.

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది. అక్షరాలు వంకరేం లేవు, నాకు బాగానే అర్థమయ్యాయి.

మూడు సున్నాలకి అంత అర్థం లేదండీ. పరీక్ష ఒక్కసారే చేశాం. మా కంపెనీలో దిమ్మ దగ్గర్నుంచి నీళ్ళ దాకా అన్నిటికీ ఒకటే కొలత, ఘనపు మీటరుకి ఇన్ని టన్నులని. ఏదైనా చుక్క తర్వాత మూడంకెల దగ్గర ఆపేస్తాం. అది ఇక్కడి పద్ధతి.

వదిన ఎలా ఉంది? పాపం, ఆ స్టేషన్ నీళ్ళే తెచ్చుకోనివ్వండి. ఈ నెలల్లో నడక మంచిదంటారు. బిందె బరువనిపిస్తే అన్నయ్య డ్యూటీ దిగి వచ్చేటప్పుడు తెస్తాడు. మీరు కూడా అవే తాగితే బాగుంటుంది. రుచిగా ఉంటాయని మీరే ఒకసారి అన్నట్టు గుర్తు.

ఎండలో కుళాయి దగ్గర కూర్చోకండి. మీ కళ్ళు ఎలా ఉన్నాయి? నాన్న కులాసా. పని ఎక్కువగా ఉంది, ఇంతటితో ఆపుతున్నాను.

మీ
లెక్కల పిల్ల.


వెనక గేటు వరస ఇళ్ళు,
ఉక్కపోత.

అమ్మాయ్,

నా కళ్ళ సంగతి తర్వాత. నీ ఉత్తరం కోడలి చేత చదివించుకున్నాను. నీ అక్షరాలు గుండ్రంగా, కలిపి కలిపి ఉంటాయి, నాకు అందవు. అప్పుడే నీళ్ళు ముంచుకుని గ్లాసు చేత్తో పట్టుకునే చదవడం మొదలెట్టింది. ‘స్టేషన్ నీళ్ళే తెచ్చుకోనివ్వండి’ దగ్గరికొచ్చేసరికి ఆగింది. గ్లాసు కింద పెట్టింది. మిగతాదంతా చదివింది గాని ఆ గ్లాసు మళ్ళీ ముట్టుకోలేదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

నడక మంచిదా? ఆరో నెల్లో నిండు బిందెతో నడక మంచిదని నీకు ఏ డాక్టరు చెప్పాడే? నన్నేం అనుకున్నావు? చదువు రాదు గాని చెవులున్నాయి నాకు. చిన్నప్పుడు నువ్వు పలక పగలగొట్టి వచ్చి ‘పెదనాన్నా, మీ కాలు నొప్పి తగ్గిందా’ అని అడిగేదానివి. ఈ ఉత్తరం అచ్చం అలాగే ఉంది.

నీ ఉత్తరం చదివాక బకెట్టు బోర్లించి చూశాను. అంచు చుట్టూ బూడిద రంగు చార. గోటితో గీకితే జిడ్డుగా వచ్చింది. ఎన్నాళ్ళుగా ఉందో, కోడలు రోజూ తోముతూనే ఉందట. నేను చూడలేదు. ఆ గోరు బూడిదేసి తోముకున్నాను.

నిన్న ఫ్యాక్టరీ గుమాస్తా వచ్చాడు. కుళాయి దగ్గర నిలబడి నీళ్ళు బంగారంలా ఉన్నాయని ఉపన్యాసం. మధ్యలో గొంతు ఎండితే సంచిలోంచి ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా తీసి తాగాడు. తాగి, సీసా మూతి నాలుకతో నాకి, మూత పెట్టి, మళ్ళీ ఉపన్యాసం. ఎంగిలి మొహం వాడూ.

తిన్నగా అడుగుతున్నాను. ఆ నీళ్ళు నువ్వు తాగుతావా? ఒక్క మాట రాయి. పద్ధతులూ గిద్ధతులూ నాకొద్దు.

పెదనాన్న.


ఇంటి నుంచి,
ఆదివారం.

పెదనాన్నా,

తాగను.

ఒక్క మాట చాలన్నారు, రాశాను. కానీ మీకు అంతా చెప్పాలి. ఇది ఆఫీసు కాగితం మీద రాయడం లేదు. అక్షరాలు విడివిడిగా రాస్తున్నాను, మీరే చదువుకోండి. చదివాక దయచేసి చించెయ్యండి.

మీ కుళాయి నీళ్ళల్లో సీసం ఉంది. లీటరుకి అరవై మైక్రోగ్రాములు. మైక్రోగ్రామంటే గ్రాముని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఇంత చిన్నదానికి భయమెందుకు అనుకోకండి, సీసం విషయంలో లీటరుకి పది దాటినా తప్పే. కడుపుతో ఉన్నవాళ్ళకి, పసిపిల్లలకి మరీను.

మరి కాగితం మీద సున్నా ఎందుకుందంటే, మేం దాన్ని టన్నుల్లోకి మార్చాం. టన్నంటే పది లక్షల గ్రాములు. ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు. ఇంత చిన్నదాన్ని అంత పెద్ద కొలతలో రాస్తే చుక్క తర్వాత వరసగా ఏడు సున్నాలు వస్తాయి, ఆ తర్వాత గాని ఆరు కనపడదు. మేం మూడు సున్నాలు వేసి ఆపేశాం. ఇంకో నాలుగు సున్నాలు ఓపిక పడితే ఆరు వచ్చేది. ఇంకో సంగతి, దాటకూడదన్న ఆ పదిని మార్చినా ఏడు సున్నాల తర్వాతే ఒకటి వస్తుంది. అంటే మా కాగితం లెక్కలో మంచి నీళ్ళూ సున్నాయే, మీ నీళ్ళూ సున్నాయే.

మీరు కాటా దగ్గర పనిచేశారు కాబట్టి ఇలా చెప్తాను. లారీల కాటా మీద కందిరీగ వాలితే ముల్లు కదలదు కదా. అదే ఇది.

దిమ్మలకి టన్నులు సరే, నీళ్ళల్లో సీసానికి వేరే కొలత పెడదామని మా పెద్దాయన్ని అడిగాను. ‘ఒక కాగితం, ఒక కొలత. నువ్వేమైనా అబద్ధం రాస్తున్నావా? లేదుగా. పెట్టు సంతకం’ అన్నాడు. నిజమే, అబద్ధం కాదు. అంకె తప్పు లేదు. పెట్టాను. మీ వీధి కుళాయిదని శాంపిలు సీసా మీద ఉంది. చూసే పెట్టాను.

నేనింకా పర్మనెంటు కాలేదు. నా పేరు బయటికి రానివ్వకండి. వదినకి మాత్రం ఏదో ఒకటి చెప్పి ఆ నీళ్ళు మాన్పించండి.

మీ
లెక్కల పిల్ల.


వెనక గేటు వరస ఇళ్ళు,
మొదటి వాన పడింది. కాలవ పొంగి గుమ్మంలోకొచ్చింది.

ఒసేయ్,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. నువ్వు చెప్పావని కాదు. దాన్ని ఇంట్లో ఉంచుకోవాలంటే నాకు ఒళ్ళు జలదరించింది.

కాల్చడమే పొరపాటైంది. బూడిదయ్యాక నా బుర్రలో అరవై ఒక్కటే మిగిలింది. ఆ కోపంలోనే పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకుని కుళాయి దగ్గరికి పోయాను. ఆ మూడు సున్నాలు అడ్డంగా కొట్టేసి పక్కన 60 అని వేశాను, ఇంత లావున. ‘సున్నా కాదర్రా, అరవై! ఎవరూ తాగొద్దు!’ అని అరిచాను. వీధంతా పోగైంది. చేతుల్లో బిందెలు జారిపోతాయనుకున్నాను.

గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. కాగితం చూశాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ‘ఏంటి తాతా, అరవయ్యా? పైన ఏం రాసుందో చదువు. టన్నులు. సీసం దిమ్మకే పదకొండు. నీ నీళ్ళల్లో అరవయ్యా? అయితే సీసం కంటే మన నీళ్ళే బరువన్నమాట! ఈ ఆడవాళ్ళంతా బిందెలు చంకనేసుకుని పోతున్నారే, వీళ్ళేమన్నా పహిల్వాన్లా?’

వీధంతా ఒకటే నవ్వు. నాకు తెలుసు, నేను వేసిన అంకె నిజమని. కానీ ఎందులో అరవయ్యో, ఆ చిన్న మాట ఏంటో నోటికి రాలేదు. ఎంత పీకినా రాలేదు.

‘ఎవరు చెప్పారు నీకు?’ అన్నాడు.

‘ఎవరు చెప్పేదేంటి, నాకే తెలుసు’ అన్నాను.

ఎదురింటావిడ ఉంది కదా, ‘మొన్న మూడుసార్లు పరీక్షన్నావు, ఇవాళ అరవై టన్నులంటావు. ఎండ తగిలిందేమో, కాసిని నీళ్ళు తాగు తాతా’ అని ఆ కుళాయి కిందే గ్లాసు పట్టి నా చేతిలో పెట్టింది. ఎండేదీ, వాన పడుతుంటే! అందరూ నన్నే చూస్తున్నారు. నోట్లో పోసుకున్నాను. బుగ్గలు ఉబ్బించుకుని ఇంటి వెనక్కి పోయి ఉమ్మేశాను. ఈ వయసులో దొంగ తిండి తిన్న పిల్లాడిలా. నా మీద నాకే అసహ్యమేసింది.

మర్నాడు మా వీధి మొత్తం ఏ బెంగా లేకుండా ఆ నీళ్ళే పట్టుకున్నారు. మొన్నటిదాకా భయపడేవాళ్ళు కూడా. నా పుణ్యమే.

కోడల్ని ఫ్యాక్టరీ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రక్తం పరీక్ష చెయ్యమన్నాను, నీళ్ళల్లో సీసం ఉందని. డాక్టరు గోడ మీద కాగితం నకలు తీసి చూపించాడు. ‘నీళ్ళల్లో సున్నా ఉంటే రక్తంలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ అమ్మాయే కదా సంతకం పెట్టింది?’ అన్నాడు. పక్కన కోడలు నిలబడి ఉంది. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఉంది. అయినా నాకు చెప్పింది నువ్వేనని అనలేదు. నా నాలిక మీదికి వచ్చింది, మింగాను. అది ఆ నీళ్ళ కంటే చేదుగా ఉంది.

ఇప్పుడు నీ సంగతి. అబద్ధం రాయలేదా? అంకె తప్పు లేదా? ఏం మాటలే అవి, వింటుంటే డోకొస్తోంది. పెంటకుప్ప మీద తెల్లదుప్పటి పరిచి, దుప్పటి శుభ్రంగా ఉందా లేదా చూసుకోండి అన్నట్టుంది. కాటా మీద కందిరీగ వాలితే ముల్లు కదలదన్నావు. నిజమే. కుట్టదని ఎవడన్నాడు?

కాటా నాకు నేర్పుతున్నావా? నీకు నాలుగేళ్ళప్పుడు నన్ను కూడా తూచమని గోల పెట్టావు. ఎత్తి ఆ ఇనుప పలక మీద నిలబెట్టాను. ముల్లు కదల్లేదు. ఎగిరావు, గెంతావు. అయినా కదల్లేదు. ‘పెదనాన్నా, నేను లేనా?’ అని ఏడ్చావు. ముక్కూ మొహం ఏకం చేసుకుని. నిన్ను ఎత్తుకుని పచారీ కొట్టుకి తీసుకెళ్ళి అక్కడి త్రాసులో కూర్చోబెట్టాను, రాళ్ళు వేయించి చూపించాను. ఉన్నావని. అప్పుడు ఊరుకున్నావు.

కోడలి కడుపులో ఉన్నదాన్ని మీరు లారీల కాటా మీద పెట్టారు.

నీ పర్మనెంటు నీ ఇష్టం. నీ పేరు నేను చెప్పను, చెప్పనన్నాక చెప్పను. కానీ ఇక ఆ సంతకం చూడలేను. రోజూ ఆ గోడకి వీపు తిప్పుకుని పోతున్నాను. స్టేషన్ నీళ్ళు ఇప్పుడు నేనే మోస్తున్నాను.

జవాబు రాయకు. రాస్తే ఆ చిన్న మాట, ఎందులో అరవయ్యో, నాకు వచ్చేలా పెద్దక్షరాలతో రాయి.


గోడౌన్, హెడ్డాఫీసు వెనక,
వానలు.

పెదనాన్నా,

లీటరుకి మై-క్రో-గ్రా-ము-లు. అరవై.

దీంతోపాటు ఒక కాగితం పెట్టాను. మొదటి వరసలో మీ కుళాయి నీళ్ళు: లీటరుకి 60 మైక్రోగ్రాములు. రెండో వరసలో, దాటకూడనిది: లీటరుకి 10 మైక్రోగ్రాములు. టన్నులు ఎక్కడా లేవు. ఇంక వరసలు కూడా లేవు. అడుగున నా సంతకం, తేదీ. ఇదే కాగితం ఆరోగ్య శాఖ ఆఫీసుకి ఒకటి, మా పెద్దాయన బల్ల మీద ఒకటి పెట్టాను. నా పేరు దాచక్కర్లేదు. డాక్టరుకి ఇదే చూపించండి.

గుమాస్తా అడిగితే ఇలా చెప్పండి: దిమ్మని తూచే కాటా వేరు, దీన్ని తూచే కాటా వేరు. అంతకంటే వద్దు. మీకు కోపమొస్తే అంకెలు కలిసిపోతాయి.

నన్ను ప్రయోగశాలలోంచి తీసేశారు. ఇప్పుడు గోడౌన్లో సంచుల మీద ముద్రలు కొడుతున్నాను. పొమ్మనలేదు, నేనే పోతానని చూస్తున్నారు. సిరా వాసనకి తలనొప్పి. సంచుల కింద ఎలుకలు చచ్చి ఉంటాయి, ముద్ర కొట్టినప్పుడల్లా ఆ కంపు లేస్తుంది. అలవాటు కావడం లేదు.

త్రాసులో కూర్చోవడం నాకు గుర్తు లేదు. కాటా మీద ఏడవడం గుర్తుంది. నాకు అంతవరకే గుర్తుందని మీ ఉత్తరం చదివాకే తెలిసింది.

వదిన రక్తం పరీక్ష సంగతి రాయండి. వదిన నా గురించి ఏమంది? మీకు నా మీద ఇంకా కోపం ఉందా? ఎంత ఉందో రాయండి. ఏమీ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మీ
లెక్కల పిల్ల.


వెనక గేటు వరస ఇళ్ళు,
వానలు తగ్గాయి. బురద తగ్గలేదు.

లెక్కల పిల్లకి,

పాత కాగితం పీకేశాను. ఊరికే రాలేదు, జిగురుతో పాటు గోడ సున్నం కూడా ఊడింది, ఈగలతో సహా. ఆ చోటే నీ కొత్త కాగితం పెట్టాను. జిగురు నేనే కాశాను, పల్చగా.

గుమాస్తా వచ్చి మళ్ళీ పళ్ళు బయటపెట్టాడు. ‘ఏం తాతా, ఈసారి ఎన్ని టన్నులు?’ అన్నాడు. వేలు పెట్టి చూపించాను. చదివాడు. సంచిలో చెయ్యి పెట్టి సీసా బయటికి తియ్యబోయి, అందరూ చూస్తున్నారని మళ్ళీ లోపల పెట్టేశాడు. ఎదురింటావిడ చూసింది. ‘ఏం బాబూ, దాహమైతే ఇక్కడ పట్టుకోవచ్చుగా?’ అని గ్లాసు కుళాయి కింద పట్టి వాడికిచ్చింది. తీసుకోలేదు. దాని గ్లాసు అలాగే గాల్లో ఉండిపోయింది. ఆవిడ నీళ్ళు వాడి చెప్పుల మీద పారబోసింది. ఆవిడంటే నాకు గిట్టదు గాని ఆ పూట గిట్టింది.

నాలుగో రోజుకి ఆరోగ్య శాఖ జీపు వచ్చింది. కుళాయి మెడకి ఇనప తీగ చుట్టి సీలు వేశారు. ఇప్పుడు ట్యాంకరు వస్తోంది. ట్యాంకరు అడుగున పాచి ఉంది, దాని మీద గొడవ పడుతున్నాను.

నిన్ను సంచుల దగ్గరికి తోశారని విని మీ పెద్దాయన మొహాన ఉమ్మాలనిపించింది. అంత దూరం నా ఉమ్ము చేరదు కాబట్టి ఊరుకున్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని పని చెయ్యి. చేతిరుమాలు వద్దు, మేనేజరు గుర్తొస్తాడు.

కోడలికి రక్తం తీశారు, నీ కాగితం చూశాకే తీశారు. ఫలితం వచ్చింది. డాక్టరు ‘కొద్దిగా ఉందిలే’ అన్నాడు. దేంట్లో కొద్దిగా అన్నాను. ‘నీకు అర్థం కాదు’ అన్నాడు. అర్థం కాకపోతే నాకు పర్లేదు, నువ్వు రాయి, పక్కన ఎంత దాటకూడదో కూడా రాయి అని బల్ల పట్టుకుని నిలబడ్డాను. రాశాడు. దాన్నే నీకు పంపుతున్నాను. నీళ్ళు మానేసింది కాబట్టి తగ్గుతుందంటున్నాడు, బిడ్డ పుట్టాక బిడ్డకి కూడా చూడాలంటున్నాడు. ఆ బిందె నా చేత్తో కాలవలో పోసిన సంగతి కోడలు ఇంతవరకూ ఎత్తలేదు. నేను స్టేషన్ నుంచి బిందె తెచ్చి దించినప్పుడల్లా మాత్రం నా చేతుల వంక చూస్తుంది.

ఆ కాగితం నువ్వు చదివి, ఉన్నది ఉన్నట్టు కోడలికే రాయి. నాకొద్దు. నీ గురించి ఏమందని అడిగావుగా, ఇదే అంది: ‘మామయ్యా, తనే చూసి రాస్తే నమ్ముతాను’ అని. ఎందుకు నమ్ముతుందో నాకు తెలీదు. నేనైతే నమ్మను.

నా కోపం ఎంత ఉందో రాయమన్నావు. ఘనపు మీటరుకి టన్నుల్లో రాస్తున్నాను, మీ కంపెనీ పద్ధతిలో.

0.000

పెదనాన్న.